తాళంచెవి నీళ్లలో, శతకం అటక మీద

సెప్టెంబర్ 22, 2024, ఆదివారం

బుడమేరు వాగుకు గండి పడి ఇవాళ్టికి మూడు వారాలు. విజయవాడ సింగ్ నగర్‌లో బాబాయి డీటీపీ షాపు షట్టర్ ఇవాళే పూర్తిగా పైకి లేచింది. అడుగున బురద ఎండి సిమెంట్‌లా పట్టేసింది, గడ్డపారతో పెకలించాల్సి వచ్చింది. లోపల గోడ మీద నీటి గీత నా ఛాతీ దాకా ఉంది.

పోయినవి: సీపీయూలు రెండు, లేజర్ ప్రింటర్, యూపీఎస్, పెళ్లికార్డుల శాంపిల్ ఆల్బమ్‌లు మొత్తం. మిగిలింది: పాత పనుల హార్డ్‌డిస్క్ ఒక్కటి. ఏటా ఉగాదికి ముందు పాత ఫైళ్లన్నీ ఒక డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని పిన్ని చీరల పెట్టె పక్కన మేడ మీద అటకెక్కించడం బాబాయికి అలవాటు. ఆ చాదస్తాన్ని చూసి చాలాసార్లు నవ్వాను. 2003 నుంచి షాపులో టైప్ చేసిన ప్రతి అక్షరం అందులో ఉంది.

షాపు వెనక దండెం మీద పాత ప్రూఫులు ఆరేసి ఉన్నాయి. పసుపురంగు తిరిగి, అప్పడాల్లా ముడుచుకుపోయాయి గానీ చదవడానికి వస్తున్నాయి.

అసలు దెబ్బ సాయంత్రం తెలిసింది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక డాంగిల్ ఉంటుంది, వేలెడంత యూఎస్‌బీ ముక్క. అది సీపీయూ వెనక గుచ్చి ఉంటేనే తెలుగు పడుతుంది, లేకపోతే లేదు. ఆ ముక్క సీపీయూతో పాటే వారం రోజులు బురదనీళ్లలో నానింది. పిన్ని దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి నాలుగు రోజులు ఎండబెట్టింది. లైటు వెలగలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే (పేరు రాయను, ఇలాంటివన్నీ ఒకే తానులో ముక్కలు) ఆ వెర్షన్ ఆపేశామన్నారు. కొత్తది ఏడాదికోసారి డబ్బు కట్టే పద్ధతి. రెండు సిస్టమ్‌లకు కలిపి చెప్పిన రేటు మా షాపు మూడు నెలల అద్దెంత. పాత ఫైళ్లు అందులో తెరుచుకుంటాయా అని అడిగితే "తెరుచుకోవాలండీ" అన్నాడు అవతలి అబ్బాయి. తెరుచుకుంటాయి అనలేదు.

"చేను మనదేరా, డొంకదారి పక్కవాడిది," అన్నాడు బాబాయి.

సెప్టెంబర్ 29

నా లాప్‌టాప్‌లో లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది మేము పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా తెరుస్తుంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. మన డీటీపీ షాపుల్లో చాలామంది అక్కడే ఆగిపోయారు, మేమూ అంతే. తయారుచేసిన కంపెనీయే వదిలేసిన ఫైలు రకాన్ని దాంతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూర్చుని విప్పి, చదివే కోడ్ రాసి పెట్టారు.

లిబ్రెఆఫీస్‌లో డ్రా అనే భాగంలో 2009 నాటి ఫైలు ఒకటి తెరిచాను. పేజీ వచ్చింది. బోర్డర్ వచ్చింది. అక్షరాలున్న చోట యూరో గుర్తు, చుక్కలు నెత్తినెత్తుకున్న జర్మన్ అక్షరాలు, సున్నాలు, కోట్ గుర్తులు. బాబాయి మొహం పడిపోయింది.

ఇందులో డాంగిల్ తప్పేమీ లేదు. కంప్యూటర్‌కు తెలుగు రాని రోజుల్లో ఫాంట్లవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంట్‌లో గదులు 256 మాత్రమే, అందులో వాడుకోదగ్గవి ఇంకా తక్కువ. గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా గీస్తే సరిపోవు. అందుకని ముక్కలు చేశారు: మా ఫాంట్‌లో వ పక్కన ఒక తోక తగిలిస్తే మ, ద కింద చిన్న గీత పెడితే ధ, ప కింద అదే గీత పెడితే ఫ. ఏ ముక్క ఏ గదిలో ఉండాలో ఒక్కో కంపెనీ తన ఇష్టం. అంటే ఫైలులో తెలుగు లేదు. తెలుగులా కనిపించే ఇంగ్లిష్ చెత్త ఉంది. ఫాంట్ తీసేస్తే చెత్త బయటపడుతుంది.

అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో స్థిరమైన నంబర్ ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లో, మొదటి వెర్షన్‌లోనే చోటిచ్చారు. 3072 నుంచి 3199 దాకా 128 గదులు, క అంటే ఎక్కడైనా 3093. మేము 2024 దాకా వాడింది దానికి ముందటి ఉపాయం.

మా ఆపరేటర్ అక్క (ఇరవై ఏళ్లుగా షాపు నడుస్తోంది అంటే ఆమె వేళ్ల వల్లే) తెర వైపు వంగి చూసి, "ఇదిగో ఇది శ్రీ. ఆ పక్కన మతి అయ్యుంటుంది," అంది. నేను నోరు తెరిచాను. ఫాంట్ ఎక్కని సిస్టమ్‌లలో ఈ చెత్తను ఎన్నేళ్లుగా చూస్తోందో, కొన్ని మాటలు ఆమెకు చెత్తలోనే చదవడం వచ్చేసింది. ప్రాజెక్టు మొదలైంది అప్పుడే అనుకుంటాను.

అక్టోబర్ 6

పని ఖాయమైంది. పాయకాపురం నుంచి రిటైర్డ్ తెలుగు మాష్టారు ఒకరు వచ్చారు. 2009లో ఆయన శతకాన్ని మా షాపులోనే కంపోజ్ చేశారు. 108 ఆటవెలదులు. మిగిలిన కాపీలు ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలో ఉండేవి, వరదలో ముద్దయిపోయాయి. చేతిలో ఉన్న ఒక్క కాపీ ఉబ్బి రెండింతలు లావుంది, పేజీలు విడదీస్తే చిరుగుతున్నాయి. "ఫైలు ఉందిగా నాయనా, మళ్లీ రెండు వందలు వేయించు," అన్నారు.

"ఉందండీ," అన్నాడు బాబాయి. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మళ్లీ టైప్ చేస్తే పోలా అంది అక్క. ఈ ఒక్క పుస్తకానికైతే అదే నయం. కానీ అటక మీది డిస్క్‌లో ఇలాంటివి వందల్లో ఉన్నాయి: గుడి కరపత్రాలు, ఊరి చరిత్రలు, సంతాప సంచికలు, చిన్న పత్రికలు. అందుకని శతకాన్నే పరీక్షకు పెట్టుకున్నాను. దీన్ని యూనికోడ్‌లోకి మార్చగలిగితే మిగతావీ వస్తాయి.

మార్చిపెట్టే సైట్లు నెట్‌లో ఉన్నాయి. రెండు చూశాను. ఒకటి మా ఫాంట్‌ను గుర్తుపట్టలేదు, ఇంకొకటి సగం సగం మార్చింది. అది ఎక్కడ తప్పుతోందో చూసే వీలు లేదు, దిద్దే వీలు లేదు. పైగా కస్టమర్ల కాగితాలు ముక్కూమొహం తెలియని సర్వర్‌లో అతికించడం నాకు నచ్చలేదు.

అక్టోబర్ 13

నిన్న విజయదశమి. దుర్గమ్మ కొండకు వెళ్లే జనంతో ఊరంతా కిటకిట. ఇవాళ నేను, అక్క, పిన్ని పంపిన పులిహోర డబ్బా.

పాత ఫాంట్ ఫైలు డిస్క్‌లోనే దొరికింది. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఏ గదిలో ఏ ముక్క ఉందో బొమ్మలుగా కనిపిస్తుంది. నేను గది నంబర్ చదవడం, అక్క "ఇది ళ మీది తలకట్టు", "ఇది ట ఒత్తు", "ఇది ఏంటో నాకూ తెలీదు" అనడం, నేను రాసుకోవడం. మధ్యాహ్నం మూడింటికి 212 ముక్కల పట్టిక తయారైంది. తెలియనివి పదకొండు. అందులో ఒకటి పూర్వకాలపు ఱ అని రాత్రి పడుకున్నాక తట్టింది.

ఫాంట్ వాళ్లది కదా, ఇలా విప్పి చూడొచ్చా అని బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఫాంట్‌ను నేను ఎవరికీ ఇవ్వడం లేదు, కొత్త పనికి వాడటం లేదు. డబ్బు కట్టి కొన్నదానితో మేమే టైప్ చేసిన మాటల్ని మేము చదువుకోవడానికి పట్టిక రాసుకుంటున్నాను. ఇందులో తప్పుందని నేననుకోను.

అక్టోబర్ 27

గది నంబర్ బదులు యూనికోడ్ అక్షరం పెట్టేస్తే అయిపోతుందనుకున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నలభై లైన్లు రాసి నడిపాను. "స్త్రీ" అన్న చోట అక్షరాలు కొట్టుకుంటున్నట్టు వచ్చింది.

కారణం వరుస. పాత ఫాంట్ కంటికి కనిపించే వరుసలో రాస్తుంది: ముందు గుడిదీర్ఘంతో సీ, తర్వాత కింద త ఒత్తు. ర ఒత్తును, మన బడిలో క్రారవడి అన్నామే, దాన్ని మా ఫాంట్‌లో అక్షరానికి ముందే కొట్టాలి, ఎందుకంటే అది ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. యూనికోడ్ పలికే వరుస అడుగుతుంది: స, త, ర, చివర ఈ గుడి. అంటే ప్రతి అక్షరం దగ్గరా ఆగి, ముందున్న క్రారవడిని వెనక్కి, మధ్యలో ఉన్న గుణింతాన్ని చివరికి జరపాలి.

ఇక్కడ సాయపడింది పద్మ అనే పాత ప్రోగ్రామ్. ఈనాడు, వార్త లాంటి పత్రికలు సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపే రోజుల్లో, ఆ పేజీలను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చే పొడిగింపు ఒకటి ఉండేది. నాగార్జున వెన్న రాశారు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా పొడిగింపులన్నిటినీ ఆపేసినప్పుడు అది కూడా ఆగింది. ఆగింది గానీ కోడ్ ఎక్కడికీ పోలేదు. తెరిచి చదివాను. అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి, ముందొచ్చే ముక్కల్ని ఎలా పట్టి ఉంచాలి అన్న ఆలోచన అంతా అక్కడ ఉంది. మా ఫాంట్ అందులో లేదు, కానీ నాకు కావాల్సింది ఫాంట్ కాదు, ఆ ఆలోచన. నేను రెండు వారాలు కొట్టుకున్నదాన్ని మరొకరు చాలా ఏళ్ల కిందటే తేల్చి, తెరిచి ఉంచి వెళ్లారు.

మా డాంగిల్ కంపెనీ దగ్గరా ఇదే తెలివి ఉండి ఉంటుంది, ఇంతకన్నా బాగానే ఉండి ఉంటుంది. ఆ వెర్షన్‌తో పాటు అదీ మూతపడింది.

నవంబర్ 10

చిన్న తలనొప్పి. 128 నుంచి 159 దాకా ఉన్న గదుల్లోని ముక్కలు మాయమవుతున్నాయి. విండోస్ ఆ నంబర్లలో యూరో, వంకర కోట్లు లాంటివి పెట్టుకుంది. ఫైలు మార్చినప్పుడు అవి వేరే నంబర్లుగా బయటికొస్తున్నాయి, నా పట్టికలో ఆ నంబర్లు లేవు. మా ఫాంట్‌లో క్రారవడి కూర్చున్నది సరిగ్గా అక్కడే. పట్టికలో ఇరవై ఏడు వరుసలు కలిపాను. ఇంతే.

నవంబర్ 24

ఇప్పుడు పద్యాలు తెలుగులా కనిపిస్తున్నాయి. కనిపించడమే సమస్య. తప్పులు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది? 432 పాదాలు. ఉబ్బిన పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే కళ్లు పోతాయి. స్పెల్ చెకర్ పెట్టి చూశాను, పేజీ అంతా ఎర్ర గీతలు. తెలుగులో సంధి కలిసిన మాట ప్రతిదీ దానికి కొత్త మాటే.

మాష్టారికి ప్రింట్ తీసి ఇచ్చాను. మొదటి పేజీ మీద వేలు పెట్టి, చదవకుండానే అన్నట్టు, "ఇక్కడ గణం చెడింది," అన్నారు. చూస్తే నిజమే, చక్రము అన్న మాట చకము అయింది. చదివితే కంటికి దాటిపోతుంది, పాడితే కాలికి రాయి తగిలినట్టు తగులుతుంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మాష్టారి చెవి చేసే పనిని కంప్యూటర్‌తో ఎందుకు చేయించకూడదు? ఆటవెలది లెక్క ఖచ్చితమైనది. ఒకటో పాదం, మూడో పాదం: మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు: అయిదూ సూర్యగణాలే. చక్రము అంటే క్ర ముందున్న చ గురువు, కనుక గురువు, లఘువు, లఘువు: భ గణం, ఇంద్రగణాల్లో ఒకటి. క్రారవడి పోతే మూడూ లఘువులు, న గణం, సూర్యగణం. పాదం కుంటుతుంది. వందనములో సున్నా పోయి వదనము అయినా అంతే. ఒత్తు పోయినా, సున్నా పోయినా, దీర్ఘం పోయినా లెక్క తేడా వస్తుంది. నా మార్పిడి తప్పులన్నీ సరిగ్గా ఇవే.

పదో తరగతిలో గురులఘువులు గుర్తించమంటే మార్కుల కోసం గీతలు గీసినవాణ్ణి. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా కూర్చుని అవే గీతలు పైథాన్‌తో గీయించాను. పాదాన్ని అక్షరాలుగా విడగొట్టడం, గురువో లఘువో తేల్చడం, తర్వాత గణాలుగా ఏ విధంగానైనా కోయగలమా అని అన్ని దారులూ ప్రయత్నించడం. కుదరని పాదం ఎర్రగా వస్తుంది.

మొదటిసారి నడిపితే 118 ఎర్ర పాదాలు.

డిసెంబర్ 8

118 నుంచి 31కి, 31 నుంచి 9కి. ఎక్కువ భాగం రెండు మూడు ముక్కల వల్లే వచ్చాయి, పట్టికలో ఒక వరుస సరిచేస్తే ఇరవై పాదాలు ఒకేసారి నల్లబడేవి. అలా నల్లబడటం చూస్తుంటే సంక్రాంతి ముగ్గులో చుక్కలు కలిసినట్టుంది.

చివరి తొమ్మిదినీ మాష్టారి దగ్గర కూర్చుని చూశాం. నాలుగు మార్పిడి తప్పులే. మూడు నా తప్పులు: తెలుగు మాట తర్వాత ఇంకో మాట సంయుక్తాక్షరంతో మొదలైతే ముందున్న లఘువు గురువు కాదట, సమాసంలో అయితేనే అవుతుందట. నేను రెండింటినీ ఒకే గాటన కట్టాను. మాష్టారు ఓపిగ్గా అరగంట చెప్పారు, బడి గుర్తొచ్చింది.

మిగిలిన రెండింటి దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం తీసి అదే పద్యం చూశారు. 2009 అచ్చులోనూ అలాగే ఉంది. ఫైలు తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

"అప్పట్లో కళ్లజోడు మార్చాల్సిందిరా," అన్నారు. పెన్ను అడిగారు. రెండు పాదాలూ దిద్దారు.

ఈ పద్ధతికి పట్టుబడని తప్పులూ ఉన్నాయి. ధనము దనము అయితే గణాలు మారవు. యతి చూసే కోడ్ కలుపుదామనుకున్నాను, కానీ ద, ధ యతికి చుట్టాలే, పట్టుకోదు. ప, ఫ కూడా అంతే. మా ఫాంట్‌లో ఈ జంటలకు తేడా ఆ చిన్న గీత ఒక్కటే. దానికి మాష్టారి కళ్లే గతి.

జనవరి 5, 2025

పుష్యమాసం. ముహూర్తాలు లేవు, కార్డుల పని లేదు. షాపు మార్చడానికి ఇదే అదను.

బాబాయి గవర్నర్‌పేటలో రెండు సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు కొన్నాడు. విండోస్ 11 వీటిలోకి అధికారికంగా ఎక్కదు, భద్రత కోసం అది అడిగే టీపీఎం 2.0 చిప్ లేదు. విండోస్ 10కి మద్దతు ఈ అక్టోబర్ 14తో ఆపేస్తామని ముందే ప్రకటించారు. నిన్నగాక మొన్న కొన్న, బ్రహ్మాండంగా నడుస్తున్న యంత్రాలకు తొమ్మిది నెలల ఆయుష్షు. రెండింటిలోనూ విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఊరికే ఎందుకిస్తార్రా? ఎక్కడో మెలిక ఉండి ఉంటుంది," అన్నాడు బాబాయి. ఆయన వ్యాపారంలో ఊరికే వచ్చేది గోడ క్యాలెండర్ ఒక్కటే.

ప్రింటర్ కథ చెప్పాను. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింట్ ఇచ్చినవాళ్లందరికీ తెర మీద కబురొచ్చేలా కోడ్ మార్చుకున్నాడు. తర్వాత జెరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది, దాని కోడ్ మాత్రం ఇవ్వలేదు. కాగితం ఇరుక్కుంటూనే ఉంది, ఎవరికీ తెలియడం లేదు. ఆ కోడ్ ఉన్న మరో యూనివర్సిటీ మనిషిని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. ఆ మంట మిగిలింది. 1983 సెప్టెంబర్‌లో, ఎవరైనా కోడ్ చదివి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఇప్పుడు మన షాపులో నడుస్తున్నదాంట్లో చాలా భాగం ఆ దారినే వచ్చింది.

బాబాయి కాసేపు ఆలోచించాడు. "అర్జంట్ పని మీద ప్రింటర్ జామ్ అయితే మనిషికి ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు. అతను ఇంతటితో ఆగాడు, మంచోడు."

అసలు గొడవ కీబోర్డు. అక్క ఇరవై ఏళ్లుగా వేళ్లతో నేర్చుకున్న లేఅవుట్ ఒకటి, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ ఇంకొకటి. "నేర్చుకో అక్కా, వారంలో వచ్చేస్తుంది," అన్నాను తేలిగ్గా. మొదటి గంటలో ఆమె నాలుగు లైన్లు కొట్టింది. మామూలుగా అయితే నాలుగు పేజీలు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది, ఏమీ అనలేదు. సిగ్గేసింది నాకు. ఇంతకాలం కంపెనీని తిట్టింది, నా ఇష్టమొచ్చినట్టు నువ్వు మారు అన్నందుకే కదా.

లినక్స్‌లో ఎం17ఎన్ అనే ఏర్పాటు ఉంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో మామూలు టెక్స్ట్ ఫైలులో రాసుకుని ఒక ఫోల్డర్‌లో పడేస్తే చాలు, టైపింగ్ సంగతి చూసే ఐబస్ అనే ప్రోగ్రామ్ దాన్ని లేఅవుట్‌గా తీసుకుంటుంది. రెండు సాయంత్రాలు అక్క చెబుతుంటే రాశాను. ఆమె పాత లేఅవుట్ అంతా దించాం. పైగా డాంగిల్ సాఫ్ట్‌వేర్‌లో ఆమెకు ఎప్పుడూ చిరాకుగా ఉండే ఒక మీటను కూడా మార్చాం. "ఇది ఇక్కడుండాలని పదేళ్లుగా అనుకుంటున్నా," అంది. ఎవరితో చెప్పావని అడిగితే, ఎవరితో చెప్పాలో తెలియలేదంది.

జనవరి 19

పేజీలు కూర్చడం ఇప్పుడు స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, 1.6 వెర్షన్. దీనికి ముందు స్థిరమైన వెర్షన్ 1.4లో తెలుగు ఒత్తులు విడిపోయేవి. పోయినేడాది జనవరిలో 1.6 వచ్చాకే తెలుగు పనికి కుదురుగా ఉంది. అచ్చుకు కావాల్సిన సీఎంవైకే రంగులు, అచ్చు ప్లేట్ల కోసం పీడీఎఫ్ రెండూ వస్తాయి.

మంచి మాటలే చెబితే మోసం అవుతుంది. రెండుసార్లు క్రాష్ అయింది. మెనూల్లో ఏది ఎక్కడుందో వెతకడానికే ఒక పూట పోయింది. పేజ్‌మేకర్‌లో అక్క కళ్లు మూసుకుని చేసే పనికి ఇక్కడ మూడు పెట్టెలు తెరవాలి. "ఇది చేసినవాళ్లు ఎప్పుడైనా అర్జంట్ పని చేశారా?" అని అడిగింది. జవాబు నా దగ్గర లేదు.

ఫాంట్లు మాత్రం పండగ. మండలి, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, అందరూ ఉచితంగా వాడుకోవచ్చన్న లైసెన్స్‌తోనే ఉన్నారు. భువనవిజయం మొత్తం మెనూలోకి దిగింది. చిక్కల్లా వరుసల మధ్య ఖాళీ. కొన్ని ఫాంట్లు పైనా కిందా ఎంత చోటు అడుగుతాయంటే ఆటో మీద వదిలేస్తే పేజీకి మూడు పద్యాలు కూడా పట్టవు. ఖాళీని నంబర్ ఇచ్చి బిగించాం. పద్యానికి మండలి, పేర్లకు రామభద్ర అని మాష్టారే తేల్చారు.

ముందుమాట వచనం కదా, సన్న కాలమ్‌లో మాటల మధ్య పళ్లూడిన సందులు. కేరళకు చెందిన సంతోష్ తొట్టింగల్ భారతీయ భాషలకు వరుస చివర మాటను ఎక్కడ విరవాలో చెప్పే సూత్రాలు తయారుచేసి పెట్టారు, తెలుగుకూ ఉన్నాయి. ఆ ఫైలు తెచ్చి పెడితే మాటలు అక్షరం దగ్గర మర్యాదగా విరిగాయి. మన భాష పని ఒక మలయాళీ చేసిపెట్టాడని చెబితే మాష్టారు ముందుమాట చివర ఒక వాక్యం కలిపారు.

ఫిబ్రవరి 9

మాఘం. ముహూర్తాలు మొదలయ్యాయి, అందరికీ టెన్షన్.

పాత కార్డు డిజైన్ల కోరల్‌డ్రా ఫైళ్లు ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటున్నాయి, కొన్నిటిలో షేడ్లు ఎగిరిపోతున్నాయి. చేత్తో దిద్దుకుంటున్నాం. పెద్ద ఆర్డర్ ఒకటి పక్క సందులోని స్నేహితుడి సిస్టమ్‌లో కోరల్‌లోనే చేయించాడు బాబాయి. నేను ఏమీ అనలేదు. పెళ్లి ఆగదు.

అసలు కథ ప్రూఫులో. పాత కార్డు నుంచి మార్చిన మేనమామ పేరు "శ్రీనివాస్రావు" అని పడింది. స కింద ర ఒత్తు. పెళ్లికూతురి తండ్రి ఇంతెత్తున లేచాడు. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే యూనికోడ్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. వద్దు, విడిగా ఉంచు అని చెప్పడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి. పాత ఫాంట్‌లో పొల్లు విడి ముక్క కాబట్టి ఆ అవసరం ఉండేది కాదు, నా కోడ్‌కు ఆ సంగతి తెలియదు. శతకంలో ఎందుకు పట్టుబడలేదంటే పద్యంలో శ్రీనివాస్‌రావులు ఉండరు.

అక్కడే నిలబడి ఒక లైను కలిపాను, అన్నీ మళ్లీ నడిపాను, పది నిమిషాల్లో కొత్త ప్రూఫు. పెద్దాయన శాంతించి టీ తాగాడు. అక్క అదే గుర్తును తన లేఅవుట్‌లో చిటికెన వేలి కిందికి తెచ్చిపెట్టమంది, పెట్టాను.

మార్చి 2

అటక డిస్క్‌లో ఇప్పటిదాకా 340 ఫైళ్లు మారాయి. ఫాంట్ ఒక్కటే కాదు, నాలుగు వాడారని ఇప్పుడు తెలిసింది, మిగతా మూడింటికీ పట్టికలు రాయాలి. పట్టిక, మార్చే కోడ్, ఆటవెలది లెక్క చూసే కోడ్, అక్క లేఅవుట్ నాలుగూ, ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చన్న జీపీఎల్ లైసెన్స్ కింద బయట పెట్టాను. లేఅవుట్‌కు ఏం పేరు పెట్టాలని అడిగితే అక్క సిగ్గుపడి "సింగ్ నగర్ అని పెట్టు" అంది.

చచ్చిన డాంగిల్‌ను బాబాయి పారేయలేదు. షాపులో దుర్గమ్మ పటం పక్కన మేకుకు వేలాడుతోంది, పాత ఇంటి తాళంచెవిలా.

శతకం రేపు ప్లేట్లకు వెళ్లాలి. మాష్టారు ఇప్పుడే ఫోన్ చేశారు. 77వ పద్యంలో ఒక ధ ఇంకా ద గానే ఉందట.